ఏ పని దేని కోసం ఆగుతుంది? పనిచోట ప్రాజెక్టు ప్రణాళిక

ప్రాజెక్టు అనగానే మన ప్రాంతంలో చాలామందికి నాగార్జునసాగరో శ్రీశైలమో గుర్తుకు వస్తుంది. ఆఫీసుల్లో, ఫ్యాక్టరీల్లో ఆ మాటను ఇంకా చిన్న అర్థంలో వాడతారు. ఎప్పుడు మొదలవుతుంది, ఎప్పుడు ముగుస్తుంది, ఎంత ఖర్చవుతుంది, ముగిశాక చేతికి ఏమి వస్తుంది అని ముందే చెప్పాల్సిన పని ఏదైనా ప్రాజెక్టే. రోజూ దుకాణం తెరిచి మూయడం వ్యాపారం. అదే వ్యాపారి పక్క వీధిలో రెండో దుకాణం పెట్టాలనుకుంటే అది ప్రాజెక్టు. ఆసుపత్రిలో రోగులను చూడడం రోజువారీ పని. అదే ఆసుపత్రిలో కొత్తగా డయాలసిస్ గది ఏర్పాటు చేయడం ప్రాజెక్టు.

ఈ తేడా ఎందుకు చెప్పుకోవాలంటే, రోజువారీ పనిని చక్కగా నడిపే సమర్థులే ప్రాజెక్టు దగ్గరికి వచ్చేసరికి తడబడుతుంటారు. దుకాణంలో ఈ రోజు సరుకు తక్కువ తెప్పిస్తే రేపు ఎక్కువ తెప్పించుకోవచ్చు. ప్రాజెక్టులో ఆ వెసులుబాటు ఉండదు, ప్రతి పనీ ఒక్కసారే జరుగుతుంది. పునాది లోతు చాలలేదని స్లాబు వేశాక తెలిస్తే చేసేదేమీ ఉండదు.

ఈ సంచిక చదివేవారిలో వ్యాపారులున్నారు, కాంట్రాక్టర్లున్నారు, ఇంజనీర్లున్నారు, గల్ఫ్ కంపెనీల్లో ఏళ్ల తరబడి పనిచేసినవారున్నారు. వీరంతా ఎక్కడో ఒకచోట విరాళం ఇచ్చేవారు కూడా. పని చేయించేవారిగానూ, పనికి డబ్బు ఇచ్చేవారిగానూ ఈ విషయం వీరికి రెండు విధాలా అవసరమే.

ప్లాను అంటే చాలా ఆఫీసుల్లో చేయాల్సిన పనుల జాబితా, దాని కింద ఒక చివరి తేదీ. ఎక్సెల్ షీటులో వరుసకు ఒక రంగు వేసి గోడకు అంటిస్తే ఇంకా ఘనంగా కనిపిస్తుంది. అయితే ఆ జాబితా ఒక ముఖ్యమైన సంగతి చెప్పదు. ఏ పని ఏ పని కోసం ఆగి ఉంటుందన్నదే ఆ సంగతి. నా దృష్టిలో ప్రణాళిక అంటే ప్రధానంగా ఇదే. మిగతావన్నీ దీని తర్వాతే. ఇది ఎలా పనిచేస్తుందో ఒక చిన్న ఉదాహరణ వేసుకుని చూద్దాం.

ఒక బడి కమిటీ వేసవి సెలవుల్లో రెండు పాత గదులను కంప్యూటర్ ల్యాబుగా మార్చాలనుకుందని అనుకోండి. చేతిలో ఉన్నవి 45 రోజులు. పైకప్పు కారుతోంది, దాని మరమ్మతుకు 10 రోజులు. తర్వాత గోడలకు గాళ్లు కొట్టి వైరింగ్ పైపులు వేయడానికి 6 రోజులు. ప్లాస్టరింగ్ చేసి అది ఆరడానికి 12 రోజులు. రంగులకు 6 రోజులు. వైర్లు లాగి స్విచ్ బోర్డులు బిగించడానికి 4 రోజులు. చివరగా కంప్యూటర్లు పెట్టి, కలిపి, పరీక్షించడానికి 3 రోజులు. ఇవి ఒకదాని తర్వాత ఒకటి జరగాల్సిన పనులు. మొత్తం 41 రోజులు. మేస్త్రీని అడిగితే నెలన్నరలో తాళంచెవి ఇచ్చేస్తానంటాడు. అతని లెక్కలో తప్పేమీ లేదు. కమిటీ సంతోషించి, పైకప్పు పని మొదలుపెట్టిస్తుంది.

అయితే 20 కంప్యూటర్లు, రెండు ఏసీలు నడవాలంటే ఆ భవనానికి ఉన్న కరెంటు లోడు చాలదు. అదనపు లోడుకు దరఖాస్తు చేయాలి. లోడు లెక్క కట్టడానికి 2 రోజులు, దరఖాస్తు ఇచ్చి విద్యుత్ శాఖ నుంచి ఎస్టిమేట్ తెచ్చుకోవడానికి 15 రోజులు, ఆ డబ్బు కట్టడానికి కమిటీ సమావేశమై తీర్మానం చేసి చెక్కు రాసేందుకు 10 రోజులు, తర్వాత శాఖవారు వచ్చి కొత్త లైను, మీటరు బిగించడానికి 20 రోజులు అనుకుందాం. మొత్తం 47 రోజులు. దానిపైన చివరి 3 రోజుల పరీక్ష. అంటే మొదటి రోజే దరఖాస్తు పెట్టినా ల్యాబు తయారయ్యేది 50వ రోజుకే. బడి తెరిచి ఐదు రోజులు దాటుతుంది.

మామూలుగా జరిగేది దీనికంటే అధ్వానం. కరెంటు సంగతి ప్లాస్టరింగ్ అయ్యాక, ఎలక్ట్రీషియన్ వచ్చి అడిగినప్పుడు గుర్తుకు వస్తుంది. అప్పటికి 28 రోజులు గడిచాయి. అక్కడినుంచి 50 రోజులు లెక్కపెట్టండి, 78వ రోజు. రంగులు వేసిన గదికి తాళం, అట్టపెట్టెల్లో కంప్యూటర్లు, గోడమీద దాత పేరు చెక్కిన రాయి. నెలకు పైగా ఇదీ పరిస్థితి. ఎవరూ దొంగతనం చేయలేదు, ఎవరూ బద్ధకించలేదు. పనులు రాసుకున్నారు గానీ, ఏది దేనికోసం ఆగుతుందో రాసుకోలేదు.

ఈ లెక్కలో ఇంకొక సంగతి ఉంది. పని ఆలస్యమవుతోందని తెలియగానే మన పెద్దలు మొట్టమొదట చేసేది మేస్త్రీ మీద కేకలు వేయడం, ఇంకో నలుగురు కూలీలను పెట్టమనడం. ఓవర్‌టైమ్ ఇచ్చి తాపీపనిని 5 రోజులు ముందే పూర్తి చేయించారనుకోండి. ల్యాబు ఎన్ని రోజులు ముందు తయారవుతుంది? ఒక్క రోజు కూడా కాదు. తాపీపని వరుస 38వ రోజుకు అయిపోతుంది, కరెంటు వచ్చేది 47వ రోజుకు. మేస్త్రీకి అప్పటికే 9 రోజుల వెసులుబాటు ఉంది. బల్లలు చేసే వడ్రంగికి నమూనా గీయడానికి 3, ఒప్పుకోవడానికి 4, తయారీకి 20, మొత్తం 27 రోజులు పడితే అతనికి 20 రోజుల వెసులుబాటు ఉంది. వీరిని తొందరపెట్టడానికి ఖర్చుచేసే ప్రతి రూపాయీ వృథా.

సమయం దొరికేది ఒక్క చోటే. కమిటీ తీర్మానానికి పెట్టుకున్న ఆ 10 రోజుల్లో. ఫలానా మొత్తం వరకు ఎస్టిమేట్ వస్తే వెంటనే కట్టడానికి కార్యదర్శికి ముందే అధికారం ఇస్తూ మొదటి సమావేశంలోనే తీర్మానం చేసుకుంటే 10 రోజుల పని 2 రోజుల్లో అయిపోతుంది. పైసా ఖర్చు లేకుండా 50 రోజులు 42 అవుతాయి. గడువులోకి వచ్చేశాం. అప్పుడు మేస్త్రీ వెసులుబాటు ఒక్క రోజుకు పడిపోతుంది. ఇప్పుడు అతని మీద కూడా కన్ను వేసి ఉంచాలి. ఏ వరుస అన్నిటికంటే పొడవైనదో, గడువును ఆ వరుసే నిర్ణయిస్తుంది. పని సాగుతున్నకొద్దీ ఆ పొడవైన వరుస మారిపోతూ ఉంటుంది కూడా.

ఈ పద్ధతికి క్రిటికల్ పాత్ మెథడ్ అని పేరు. ఇది కాలేజీ పుస్తకాల్లో పుట్టలేదు, ఫ్యాక్టరీలో పుట్టింది. 1957లో అమెరికాలోని డూపాంట్ రసాయనాల కంపెనీ ఇంజనీరు మోర్గన్ వాకర్, రెమింగ్టన్ ర్యాండ్ కంపెనీకి చెందిన జేమ్స్ కెల్లీ అనే గణితజ్ఞుడు కలిసి దీన్ని రూపొందించారు. 1958లో అమెరికా నౌకాదళం పొలారిస్ క్షిపణుల కోసం పెర్ట్ అనే మరో పద్ధతిని విడిగా తయారుచేసుకుంది. రెండింటి మూలసూత్రం ఒకటే. డూపాంట్‌వారు దీన్ని లూయీవిల్ ఫ్యాక్టరీలో యంత్రాలు ఆపి చేసే మరమ్మతులకు వాడి చూశారు. అంతవరకు 125 గంటలు పట్టే పని 93 గంటలకు తగ్గింది. ముందు ఏది, తర్వాత ఏది, ఏవేవి ఒకేసారి చేయవచ్చు అని కాగితం మీద గీసుకోవడమే అందుకు దారి చూపింది.

యంత్రాలు ఆపి చేసే ఆ మరమ్మతులనే గల్ఫ్‌లో షట్‌డౌన్ అంటారు. ఆ మాట మన జిల్లాల్లో చాలా ఇళ్లకు తెలుసు. రిఫైనరీల షట్‌డౌన్ పనులకు నెలకో రెండు నెలలకో ఫిట్టర్లు, వెల్డర్లు, రిగ్గర్లు, స్కాఫోల్డర్లు ఇక్కడినుంచి వెళ్లి వస్తుంటారు. షట్‌డౌన్‌లో పనిచేసి వచ్చినవారిని అడిగితే ప్రణాళిక విలువ ఏ ప్రొఫెసర్ కంటే బాగా చెబుతారు. ఒక పాత్రను తెరవాలంటే ముందు ప్లాంటు ఆపాలి, చల్లబరచాలి, లోపల ఉన్నది ఖాళీ చేయాలి, ఆవిరితోనో నత్రజనితోనో లోపలి వాయువును తరిమేయాలి, పైపులకు బ్లైండ్లు వేసి మూయాలి, గ్యాస్ టెస్ట్ చేయాలి, పర్మిట్ ఇవ్వాలి. ఆ తర్వాతే మ్యాన్‌హోల్ తెరిచి మనిషిని లోపలికి పంపాలి. ఈ వరుసలో ఒక మెట్టు దాటవేస్తే పోయేది ప్రాణం. అందుకే పని నెల రోజులైనా దాని తయారీ ఎన్నో నెలల ముందే మొదలవుతుంది. ఏ నట్టు ఏ సైజు, ఏ గాస్కెట్ ఎన్ని, ఏ క్రేను ఏ రోజు ఎక్కడ నిలబడాలి, ఎంతమందికి గేట్ పాసులు కావాలి అన్నవి అన్నీ ముందే రాసుకుంటారు. ప్లాంటు ఆగిన ప్రతి గంటా యజమానికి నష్టం. పర్మిట్ రాలేదనో సామాను రాలేదనో పొద్దుటినుంచి ఎండలో కూర్చున్న పనివాడికీ అది నష్టమే, పని తప్పి కాదు గానీ ఓవర్‌టైమ్ పోయి.

షట్‌డౌన్ ప్లానులో నాకు నచ్చే గుణం ఇంకొకటి ఉంది. పాత్ర తెరిచి చూస్తేగానీ లోపలి తుప్పు ఎంతో తెలియదని వారు ముందే ఒప్పుకుంటారు. ఆ తెలియని పనికి కొంత సమయం, కొంత సామాను, కొంత డబ్బు విడిగా పెట్టుకుంటారు. మన దగ్గర పాత భవనాల మరమ్మతుకు ఎస్టిమేట్ అడిగితే ఈ గీత ఎక్కడా కనిపించదు. కనిపిస్తే కాంట్రాక్టరు ఎక్కువ రాశాడని కొట్టేస్తాం. గోడ పగలగొట్టాక లోపల ఇనుము తినేసి ఉందని తెలుస్తుంది. అప్పుడు మళ్లీ చందా పుస్తకం పట్టుకుని బయలుదేరతాం.

రోజుల అంచనా ఎవరిని అడిగి వేయాలన్నది వేరే ప్రశ్న. మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానెమన్ తన అనుభవం ఒకటి చెప్పారు. 1970లలో ఇజ్రాయెల్‌లో హైస్కూలు పిల్లల కోసం ఒక పాఠ్యపుస్తకం తయారుచేసే బృందంలో ఆయన ఉన్నారు. ఎన్నాళ్లు పడుతుందో ఎవరికి వారు కాగితంమీద రాయమంటే అందరి అంచనాలూ ఏడాదిన్నర, రెండున్నరేళ్ల మధ్య వచ్చాయి. అప్పుడు ఆ బృందంలోని అనుభవజ్ఞుణ్ని ఆయన ఇంకో రకంగా అడిగారు, ఇలాంటి పని చేసిన ఇతర బృందాలకు ఎన్నేళ్లు పట్టిందని. సుమారు 40 శాతం బృందాలు అసలు పూర్తి చేయలేదనీ, చేసినవారికి ఏడు నుంచి పదేళ్లు పట్టిందనీ జవాబు వచ్చింది. విచిత్రమేమిటంటే ఆ అనుభవజ్ఞుడు కూడా తన కాగితంమీద రాసింది మిగతావారి లెక్కే. చివరకు ఆ పుస్తకం పూర్తయ్యేసరికి ఎనిమిదేళ్లయింది. దాన్ని ఎవరూ వాడలేదు కూడా.

మన పని గురించి మనల్ని అడిగితే అంతా సవ్యంగా జరిగిన రోజును ఊహించుకుని జవాబు చెబుతాం. కాబట్టి మీకు ఎన్ని రోజులు పడుతుందని అడిగితే చాలదు. మీరు ఇలాంటి పని ఇంతకుముందు చేశారా, దానికి ఎన్ని రోజులు పట్టింది అనీ అడగాలి. మేస్త్రీని అయినా, సాఫ్ట్‌వేర్ కంపెనీని అయినా అడగాల్సింది ఇదే.

క్యాలెండర్ కూడా చూసుకోవాలి. ఇది చాలా చిన్న విషయం, అయినా తరచుగా తప్పు జరిగేది ఇక్కడే. 30 రోజుల పని అంటే 30 పనిదినాలా, 30 తేదీలా? శుక్రవారం సెలవు ఉన్న దేశంలో తయారుచేసిన ప్లానుకు, ఆదివారం సెలవు ఉన్న చోట సరుకు పంపే కంపెనీకి మధ్య వారానికి రెండు రోజులు పోతాయి. రంజాన్ నెలలో సౌదీ కార్మిక చట్టం ముస్లిం ఉద్యోగులకు రోజుకు 6 గంటల పనే నిర్ణయించింది. ఆ నెల ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతుంది. నిరుటి ప్లానును తేదీలు మార్చి ఈ ఏడాది వాడుకునేవారు ఈ ఒక్క లెక్క చూసుకోరు. ఇక్కడ అయితే వానాకాలం. జులైలో పైకప్పు విప్పే ప్లాను ఎవరు వేసినా ఒప్పుకోకూడదు.

తొందరపడి మొదలుపెట్టిన పనికి పుస్తకాల్లో ఎప్పుడూ చెప్పే ఉదాహరణ ఆస్ట్రేలియాలోని సిడ్నీ ఓపెరా హౌస్. 1957లో పోటీ పెట్టి డెన్మార్క్ వాస్తుశిల్పి యోర్న్ ఉట్జాన్ నమూనాను ఎంచుకున్నారు. తెరచాపల్లాంటి ఆ పైకప్పును ఎలా కట్టాలో ఇంకా తేలలేదు, నక్షాలు పూర్తికాలేదు. అయినా ప్రభుత్వం మారితే పని ఆగిపోతుందేమోనన్న భయంతో అప్పటి న్యూ సౌత్ వేల్స్ ముఖ్యమంత్రి 1959 మార్చిలో పని ప్రారంభించేశారు. అడుగు వేదిక కట్టారు. పైకప్పు ఆకారం లెక్కలు తేలింది 1961లో. ఆ బరువును మోయడానికి అప్పటికే వేసిన స్తంభాలు చాలలేదు, మళ్లీ కట్టాల్సి వచ్చింది. 1966లో ఉట్జాన్ తప్పుకున్నారు. 1963లో తెరవాలనుకున్న భవనం 1973 అక్టోబరులో తెరుచుకుంది. 70 లక్షల డాలర్ల అంచనా 10 కోట్ల 20 లక్షలు దాటింది.

ఆ భవనం ఈ రోజు ప్రపంచ వారసత్వ కట్టడం, ప్రపంచంలో అందరూ గుర్తుపట్టే అందమైన భవనాల్లో ఒకటి. ప్లాను తప్పిన పని పనికిమాలినదే అవుతుందని ఎవరూ అనలేరు. కానీ ఖర్చు పద్నాలుగు రెట్లయినా అది పూర్తికావడానికి ఒక కారణం ఉంది. ఆ డబ్బులో అధిక భాగం ప్రభుత్వ లాటరీ నుంచి వచ్చింది. మన సంస్థలకు ఆ దారి లేదు, అక్కర్లేదు కూడా. మనకు ఖర్చు రెండింతలైతే చాలు, పిల్లర్లమీద ఇనుప చువ్వలు ఆకాశంలోకి చూస్తూ ఏళ్ల తరబడి నిలబడతాయి. అటువంటి భవనం లేని పట్టణం మన రెండు రాష్ట్రాల్లో అరుదు.

దీనికి కారణం డబ్బు లేకపోవడమేనని అందరూ అంటారు. కొన్నిచోట్ల నిజమే. చాలాచోట్ల డబ్బు వచ్చింది గానీ రావాల్సిన రోజుకు రాలేదు, లేదా ముందు రావాల్సిన పనికి కాకుండా కంటికి కనిపించే పనికి వచ్చింది. గోపురానికీ గేటుకూ దాత దొరుకుతాడు. మట్టి పరీక్షకు, స్ట్రక్చరల్ ఇంజనీరు ఫీజుకు, మున్సిపల్ అనుమతికి, కరెంటు డిపాజిట్టుకు ఎవరూ దొరకరు. పైన వేసుకున్న ఉదాహరణ చూడండి. గడువును నిర్ణయించిన వరుసలో గోడమీద పేరు రాయించుకోగలిగిన పని ఒక్కటీ లేదు.

విరాళం ఇచ్చేవారు ఇక్కడ ఒక పని చేయగలరు. ఎస్టిమేట్ చూపించమని అందరూ అడుగుతారు. దానితోపాటు ఏ పని ఏ పని కోసం ఆగుతుందో గీసిన ఒక్క కాగితం చూపించమని అడగండి. కంప్యూటర్ అక్కర్లేదు, పెన్సిల్ గీతలైనా చాలు. అందులో నా డబ్బు ఏ రోజుకు కావాలి, ఆ రోజుకు అందకపోతే ఏ పని ఆగుతుంది అని అడగండి. ఒకేసారి మొత్తం ఇచ్చేకంటే ఆ కాగితంలోని మెట్లను బట్టి వాయిదాల్లో ఇవ్వడం మేలు. అయితే మీ మాట కూడా ఆ వరుసలో ఒక పనే. రంజాన్ తర్వాత చూద్దాంలే అన్న జవాబు పైకి మర్యాదగా ఉన్నా, ప్లానులో అది 30 రోజుల గీత. ఇవ్వలేనప్పుడు ఇవ్వలేనని మొదట్లోనే చెప్పిన దాత ప్లానుకు ఎక్కువ సాయం చేసినట్టే. చేయించేవారు ఆ వాయిదాను ఇంకెక్కడినుంచి తేవాలో అప్పుడే వెతుక్కుంటారు.

పని మొదలయ్యాక ప్లానును బీరువాలో పెట్టేస్తే లాభం లేదు. ఢిల్లీ మెట్రో మొదటి దశ కట్టినప్పుడు శ్రీధరన్ గారు ఆఫీసుల్లోనూ పనిచోట్లలోనూ ఇంకా ఎన్ని రోజులు మిగిలాయో వెనక్కి లెక్కపెట్టే గడియారాలు పెట్టించారు. 65 కిలోమీటర్ల ఆ దశ 2005లో గడువుకు ముందే పూర్తయింది. మనకు గడియారాలు అక్కర్లేదు. వారానికి ఒకసారి, ఒకే రోజున, అరగంట కూర్చుంటే చాలు. ఆ అరగంటలో పని ఎంతశాతం అయిందని అడగకండి. అందరూ 90 శాతం అనే చెబుతారు, ఆ మిగిలిన పది నెలల తరబడి అలాగే ఉంటుంది. ఈ వారం పూర్తిగా ముగిసినవి ఏవి, వచ్చే వారం మొదలుకావాల్సినవి ఏవి, వాటికి ఏమి అందలేదు అని మాత్రమే అడగాలి. అందని దాని ఎదురుగా ఒక మనిషి పేరు రాయాలి. కమిటీ చూసుకుంటుంది అని రాస్తే ఎవరూ చూసుకోనట్టే.

చివరిగా, పని అయిపోయాక సన్మాన సభకు ముందు ఇంకో గంట కేటాయించాలి. ప్లానులో రాసిన రోజుల పక్కన నిజంగా పట్టిన రోజులు రాసి, ఆ కాగితాన్ని సంస్థ ఫైల్లో పెట్టాలి. పైకప్పు 10 రోజులన్నది 14 అయింది, ఎందుకంటే సెంట్రింగ్ సామాను దొరకలేదు. రంగులు 6 రోజులన్నది 5 రోజుల్లో అయింది. అదనపు లోడుకు ఫలానా తేదీన దరఖాస్తు పెట్టాం, ఫలానా తేదీన మీటరు వచ్చింది. రెండేళ్ల తర్వాత హాస్టల్‌కు ఇంకో అంతస్తు వేయాలనుకున్నప్పుడు కమిటీలో వేరే మనుషులుంటారు. మేస్త్రీ అప్పుడు కూడా నెలన్నర అనే చెబుతాడు. వారు ఆ ఫైలు తెరిచి చూసుకుంటారు.